బేరం లేని దానం: కిడ్నీ కోసం దాతను వెతికే కుటుంబాలు పాటించవలసిన పద్ధతి

డయాలసిస్ గది బయట కూర్చున్నవారిని దళారి పలకరించే తీరు చాలా మామూలుగా ఉంటుంది. మా బావకు ఒంగోలులో వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతున్న రోజుల్లో, ఆయన లోపల ఉన్న నాలుగు గంటలూ నేను ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర గడిపేవాడిని. ఒకనాడు తెల్లచొక్కా వేసుకున్న మనిషి పక్కన చేరి, మాది ఏ ఊరో అడిగి, పేషెంటు నాకు ఏమవుతాడో అడిగి, మూడో ప్రశ్నగా "బ్లడ్ గ్రూపు ఏంటండీ?" అన్నాడు. జబ్బు ఎలా వచ్చిందని గాని, ఎన్నాళ్ళుగా ఉందని గాని అడగలేదు. బి పాజిటివ్ అని చెప్పగానే, బస్సులో సీటు గురించి చెప్పినంత తేలిగ్గా, "దొరుకుద్దిలెండి" అన్నాడు.

ఆ మాటకు నా మనసు కాసేపు ఊగిందని ఒప్పుకోవలసిందే. కనిగిరి ప్రాంతంలో కిడ్నీ జబ్బు మాకు కొత్త కాదు. డయాలసిస్‌కు వెళ్ళే మనిషి లేని ఊరు చుట్టుపక్కల అరుదు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపే ఏర్పాటు) పెట్టిన చేయి లావెక్కి, తాగే నీళ్ళు గ్లాసుతో కొలుచుకుంటూ బతికే మనిషిని రోజూ చూసేవారికి, ఎవరో ఒకరి కిడ్నీ ఎంతకో ఒకంతకు దొరుకుతుందంటే ఆశ పుడుతుంది. ఆ ఆశ పుట్టిన ఇంటివారు ఏ క్రమంలో నడుచుకుంటే ఎవరినీ కొనకుండా, ఎవరినీ బలవంతపెట్టకుండా దాతను వెతకవచ్చునో, మేము చేసిన తప్పులతో సహా ఇక్కడ రాస్తున్నాను.

చట్టం ఎక్కడ గీత గీసింది

మానవ అవయవాల మార్పిడి చట్టం మన దేశంలో 1994లో వచ్చింది. 2011లో దానిని సవరించారు, 2014లో కొత్త నియమాలు చేశారు. ఈ చట్టం ప్రకారం అవయవానికి డబ్బు ఇచ్చినవారు, తీసుకున్నవారు, బేరం కుదిర్చినవారు, ఫలానా గ్రూపు కిడ్నీ కావాలని ప్రకటన వేసినవారు అందరూ నేరస్థులే. శిక్ష 5 ఏళ్ళకు తగ్గకుండా 10 ఏళ్ళ వరకు జైలు, 20 లక్షల రూపాయలకు తగ్గకుండా కోటి రూపాయల వరకు జరిమానా. అప్పుల బాధకు తట్టుకోలేక అమ్ముకున్న మనిషిని కూడా చట్టం నేరస్థుడిగానే చూస్తుంది. ఇది నాకు కఠినంగానే తోస్తుంది గాని, దళారి మాత్రం ఈ సంగతి అమ్మేవాడికి ముందుగా చెప్పడు. పని అయిపోయాక, ఇస్తానన్న డబ్బు ఎగ్గొట్టడానికి మాత్రం చెబుతాడు.

భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, కొడుకులు, కూతుళ్ళు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తాతయ్యలు, అమ్మమ్మ నానమ్మలు, మనుమలు, మనుమరాళ్ళు దగ్గరి బంధువులు అవుతారు. బావమరిది, మేనల్లుడు, పినతండ్రి కొడుకు మనకు ఎంత దగ్గరివారైనా చట్టం దృష్టిలో దగ్గరి బంధువులు కారు. వారు ఇవ్వదలిస్తే, ప్రేమతో గాని ఇతర ప్రత్యేక కారణంతో గాని ఇస్తున్నట్లు, దానానికి అనుమతి ఇచ్చే ఆథరైజేషన్ కమిటీ ముందు నిరూపించుకోవాలి. నేను మా బావకు బావమరిదిని కనుక ఆ వరుసలోనే ఉన్నాను. నాకు షుగరు ఉండడం వల్ల ఆ ప్రశ్న అంతవరకూ రాలేదు.

ఇంట్లో అడగడం

అన్నిటికంటే కష్టమైన పని ఇదే, సాధారణంగా తప్పు జరిగేదీ ఇక్కడే. అవయవ వ్యాపారం అనగానే మనకు దళారి, దొంగ కాగితాలు గుర్తొస్తాయి గాని, రూపాయి చేతులు మారకుండానే ఒక మనిషిని ఒప్పించి, లొంగదీసి కిడ్నీ తీసుకోవడం ఇళ్ళలో జరుగుతుంది. మా ఇంట్లో అదే జరగబోయింది. మార్పిడి తప్పదని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రం, పెద్దలందరూ వరండాలో కూర్చొని మాట్లాడుకుంటూ ఉంటే, లోపల వంటింట్లో ఉన్న మా అక్క ఇస్తుందని అందరూ అనేసుకున్నారు. ఆమెను అడిగినవారు లేరు. మా పెదనాన్న శిబి చక్రవర్తి కథ కూడా ఎత్తుకున్నాడు. పావురం కోసం శిబి తన తొడ తానే కోసుకున్నాడు గాని ఇంట్లో ఆడవాళ్ళను తక్కెడలో కూర్చోబెట్టలేదని ఆ రోజు నాకు తోచలేదు.

మన దేశంలో బతికి ఉండి కిడ్నీ ఇచ్చేవారిలో ఆడవారే ఎక్కువ, తీసుకునేవారిలో మగవారే ఎక్కువ. అందుకే 2014 నియమాల్లో, దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త తీసుకోవాలనీ, ఆమె ఎవరో, తన ఇష్టంతోనే ఇస్తున్నదో లేదో రోగి కాని మరొకరి ద్వారా నిర్ధారించుకోవాలనీ ప్రత్యేకంగా రాశారు. ఆసుపత్రి వరకు పోకముందే ఇంట్లో ఈ జాగ్రత్త తీసుకోవాలి.

అడిగే పని రోగికి గాని, రోగి భార్యకు గాని, ఇంటి పెద్దకు గాని అప్పగించకండి. రోగి అడిగితే కాదనడం ఎవరికీ సాధ్యం కాదు. రెండు వైపులా చనువు ఉండి, ఎవరి మీదా పెత్తనం లేని ఒక మనిషిని చూసుకొని, ఆ మనిషి చేత ఒక్కొక్కరిని విడివిడిగా, ఇంటి బయట, భోజనాల వేళ కాకుండా అడిగించండి. దగ్గరి బంధువుల జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరినీ, మగవారిని ముందుగా, అడిగించడం మంచిది. ఎందుకంటే వారిని అడగడం అందరూ మరిచిపోతారు. 18 ఏళ్ళు నిండనివారిని అడగకూడదు. మా అక్క కొడుకు 17 ఏళ్ళవాడు, నేనిస్తానని ఏడ్చాడు. చట్టం ఒప్పుకోదని చెప్పినప్పుడు మా అక్క ముఖంలో కనిపించిన నెమ్మది నాకు ఇంకా గుర్తుంది.

అడిగేటప్పుడు మూడు సంగతులు దాచకుండా చెప్పాలి. ఇది పెద్ద ఆపరేషను, చిన్నదైనా ప్రాణాపాయం దీనిలో ఉంది. ఒక కిడ్నీతో ఆరోగ్యంగా బతకవచ్చు గాని, బతికినంత కాలం ఏటా బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీను పరీక్షలు చేయించుకోవాలి. ఇక మూడవది, పెట్టిన కిడ్నీ శాశ్వతం కాదు. తీసుకున్నవారు జీవితాంతం మందులు వేసుకోవాలి, అయినా కొన్నేళ్ళకు అది పనిచేయకుండా పోవచ్చు. ఈ మూడో సంగతిని చెప్పకుండా దాటవేయడం నేను చాలా ఇళ్ళలో చూశాను. ఇది కూడా మోసం కిందికే వస్తుంది.

కాదనడానికి దారి వదిలిపెట్టడం అడగడం కంటే ముఖ్యం. దాత చివరి నిమిషంలోనైనా, ఆపరేషను థియేటరు తలుపు దగ్గరైనా వద్దనవచ్చు. ఆ హక్కు చట్టం ఇచ్చినది. ఆ హక్కు ఇంట్లో నిలబడాలంటే, కాదన్నవారి పేరు బయటికి రాకూడదు. దాత ఇష్టపడడం లేదని డాక్టరుకు ఒంటరిగా చెబితే, "వైద్యపరంగా ఈయన పనికిరారు" అన్నంత మాత్రమే కుటుంబానికి చెప్పే పద్ధతి మార్పిడి వైద్యంలో ఉంది. ఇది అబద్ధం కదా అని అడిగేవారు ఉన్నారు. ఇష్టం లేని మనిషి శరీరం దానానికి పనికిరాదని నా అభిప్రాయం. కనుక దానిని అబద్ధమని నేను అనుకోను. మేము వెళ్ళిన ఆసుపత్రిలో ఒక ఉద్యోగి మాత్రం మా అందరి ఎదుటే దాతను నిలబెట్టి "ఇష్టమేనా?" అని అడిగి, జవాబు వినకముందే టిక్కు పెట్టుకున్నాడు. అలాంటప్పుడు దాతను ఒంటరిగా, మన భాష వచ్చిన మనిషి సమక్షంలో మళ్ళీ అడగమని పట్టుబట్టాలి. చెన్నై వెళ్ళే మన వైపు వారికి భాష విషయంలో ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది.

బ్లడ్ గ్రూపు లెక్క సులువైనది. ఓ గ్రూపువారు ఎవరికైనా ఇవ్వవచ్చు, ఏబీ గ్రూపువారు ఎవరి నుంచైనా తీసుకోవచ్చు, 'ఏ' (A) గ్రూపువారికి 'ఏ' గాని ఓ గాని, బీ గ్రూపువారికి బీ గాని ఓ గాని కుదురుతుంది. పాజిటివ్, నెగటివ్ తేడాకు కిడ్నీ విషయంలో పట్టింపు లేదు. మా అక్కది 'ఏ' (A) గ్రూపు, బావది బీ. అందరూ కలిసి తీర్మానించేసిన దానం రక్తపరీక్ష కాగితంతో ఆగిపోయింది. గ్రూపు కుదరని ఇలాంటి జంటలకు పరస్పర దానం (స్వాప్) అనే మార్గం ఉంది: ఒక ఇంటి దాత మరో ఇంటి రోగికి, ఆ ఇంటి దాత ఈ ఇంటి రోగికి ఇస్తారు. దాతలిద్దరూ తమ తమ రోగులకు దగ్గరి బంధువులై ఉండాలి, కమిటీ అనుమతి ఉండాలి. ఆసుపత్రిలో అవయవ మార్పిడి పనులు చూసే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటరును ఈ మాట మనమే అడగాలి.

ఏ డబ్బు ఒప్పు, ఏ డబ్బు తప్పు

చివరికి బావ తమ్ముడు ముందుకు వచ్చాడు. అతనిది ఓ గ్రూపు. రెండు నెలలు గడువు అడిగాడు, భార్యతో మాట్లాడుకున్నాడు, ఒకసారి కాదన్నాడు, మళ్ళీ వచ్చాడు. ట్రాక్టరు తోలుకొని బతికే మనిషి. అతను ఒప్పుకున్న వారంలోనే ఇంట్లో ఒకరు, "పొలం రెండెకరాలు చిన్నోడి పేర రాసేస్తే సరిపోద్ది గదా" అన్నారు. అన్నవారి ఉద్దేశంలో చెడు లేదు. తమ్ముడు ఇచ్చేదానికి అన్న ఏదో ఒకటి చేయాలి కదా అన్న మర్యాదే అందులో ఉంది.

చట్టం మాత్రం డబ్బును గాని, డబ్బు విలువ చేసే దేనినైనా గాని అవయవానికి బదులుగా ఇవ్వడాన్ని చెల్లింపుగానే చూస్తుంది. పొలం, బంగారం, అప్పు మాఫీ, కూతురి పెళ్ళి ఖర్చు, ఇంట్లో వాటా అన్నీ దాని కిందికి వస్తాయి. చట్టం ప్రకారం చెల్లింపు కానివి రెండే: అవయవం తీయడానికి, తరలించడానికి, భద్రపరచడానికి అయ్యే ఖర్చు ఒకటి, దానం చేయడం వల్ల దాతకు నేరుగా అయిన ఖర్చులు, కోల్పోయిన సంపాదన రెండవది. ఈ రెండో భాగాన్ని చాలామంది వాడుకోరు. కొందరు భయపడి దాతకు బస్సు చార్జీ కూడా ఇవ్వరు, ఇంకొందరు ఖర్చుల పేరుతో లక్షలు ముట్టజెబుతారు.

తేడా తెలుసుకోవడానికి మేము ఒక నోటు పుస్తకం పెట్టాము. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు అవయవదానం చేస్తే 42 రోజుల వరకు ప్రత్యేక సెలవు ఇవ్వాలని 2023లో ఉత్తర్వు వచ్చింది. ట్రాక్టరు డ్రైవరుకు సెలవు ఇచ్చేవారు లేరు కనుక అదే లెక్క పట్టుకొని, రోజుకు 800 రూపాయల చొప్పున 42 రోజులకు 33,600 రూపాయలు రాశాము. దాని కింద చెన్నైకి పోయిన ప్రతి ప్రయాణం చార్జీ, పరీక్షల బిల్లులు, బరువు ఎత్తకూడదన్న రోజుల్లో గేదెలకు మేత వేసి పాలు పితికిన మనిషి కూలి, తోడుగా ఉన్న భార్య భోజనం ఖర్చు రాశాము. ప్రతి వరుస పక్కన రసీదు గాని సంతకం గాని ఉంది. ఈ పుస్తకాన్ని ఎవరికైనా చూపించగలమా అన్నదే మా పరీక్ష. పొలం సంగతి ఆ పుస్తకంలో ఏ వరుసలో రాయాలో ఎవరికీ తోచలేదు, అక్కడితో ఆ మాట ఆగిపోయింది. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని ధర తేల్చుకుంటారు. దాత విషయంలో తువ్వాలు కింద తేల్చుకోవలసింది ఏదైనా ఉంటే అది బేరమే.

కాగితాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. సొంత రాష్ట్రం కాక మరో రాష్ట్రంలో ఆపరేషను చేయించుకునేవారు నివాసాన్ని, బంధుత్వాన్ని ఇక్కడి అధికారుల చేత ధ్రువీకరింపజేసుకోవాలి కనుక తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగడానికి నెలరోజులు ముందే మొదలుపెట్టండి. డయాలసిస్ రోగులకు మన రాష్ట్రంలో నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. అది అందుతున్నదో లేదో చూసుకోండి, అప్పుల తొందర కొంతైనా తగ్గుతుంది.

బయటి మనిషి ఇస్తానని వస్తే

స్నేహితుడో, పాలేరో, పాత కౌలుదారో ముందుకు వచ్చిన సందర్భాల్లో కమిటీ అడిగే ప్రశ్నలే మనమూ ముందుగా వేసుకోవాలి. ఇద్దరికీ పరిచయం ఎన్నాళ్ళది, కలిసి దిగిన పాత ఫోటోలు ఉన్నాయా, మధ్యలో ఎవరైనా ఉన్నారా, గత మూడేళ్ళలో ఇద్దరి ఆదాయం ఎంత, ఆ రెండింటి మధ్య అంతరం ఎంత, దాత ఇంటివారికి ఈ సంగతి తెలుసా అన్నవి వారు చూస్తారు. మాటామంతీ వీడియో తీస్తారు. నేను వీటికి ఇంకొక ప్రశ్న కలుపుతాను: ఐదేళ్ళ తరవాత ఈ మనిషికి బీపీ వస్తే మనకు కబురు తెలుస్తుందా? తెలియదంటే, ఆ మనిషితో మనకు ఉన్నది అవసరమే గాని బంధం కాదు. మీ దగ్గర జీతానికి పనిచేసే మనిషి అయితే, ఎంత ప్రేమగా వచ్చినా వద్దనడమే మంచిదని నా అభిప్రాయం. కాదంటే పని పోతుందేమోనన్న భయం అతని మాటలో కలిసి ఉంటుంది, దానిని వేరుచేసి చూడడం మన వల్ల కాదు.

ముక్కూ మొహం తెలియని మనిషిని భార్యగానో, తమ్ముడిగానో చూపించి ఆధారు కార్డు, కుటుంబ ధ్రువపత్రం పుట్టిస్తామని దళారులు చెబుతారు. ఆ కాగితం మీద సంతకం పెట్టేది మీరు, జైలుకు పోయేదీ మీరే. కమిటీ తిరస్కరిస్తే 30 రోజుల్లో ప్రభుత్వానికి అప్పీలు చేసుకునే వీలుంది. నిజమైన స్నేహానికి ఆ దారి చాలు.

అమ్ముకోవాలనుకునేవారికి

ఇది చదివేవారిలో కిడ్నీ కొనాలనుకునేవారే కాదు, అప్పు తీర్చడానికి అమ్ముకుందామా అనుకునేవారూ ఉండవచ్చు. రొయ్యల చెరువు మునిగినవారు, పొగాకు ధర పడిపోయినవారు మన ప్రాంతంలో ఉన్నారు. వారికి చెప్పడానికి నా దగ్గర ఉన్నది, మనకు పొరుగునే ఉన్న చెన్నైలో కిడ్నీలు అమ్ముకున్న 305 మందిని కలిసి చేసిన అధ్యయనం. 2002లో అది ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. వారిలో 96 శాతం మంది అప్పులు తీర్చడానికే అమ్మారు. ఇస్తామన్న డబ్బు సగటున 1,410 డాలర్లు, చేతికి వచ్చింది 1,070. కొన్నేళ్ళ తరవాత చూస్తే కుటుంబ ఆదాయం మూడో వంతు తగ్గింది, నలుగురిలో ముగ్గురికి అప్పులు అలాగే ఉన్నాయి, 86 శాతం మంది ఆరోగ్యం దెబ్బతిన్నదని చెప్పారు, 79 శాతం మంది మరొకరికి ఈ పని చేయమని చెప్పబోమన్నారు. కిడ్నీ పోయింది, అప్పు ఉంది.

ఇప్పటికే దళారి చేతిలో చిక్కి పరీక్షలు చేయించుకున్నవారైనా వెనక్కి రావచ్చు. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడిగి, డబ్బు కోసం తెచ్చారని ఒక్క మాట చెబితే ఆపరేషను ముందుకు సాగకూడదు. ఫిర్యాదు పోలీసులకు గాని జిల్లా కలెక్టరుకు గాని రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్లు ముద్ర వేయించుకోండి.

అమ్మకాన్ని చట్టబద్ధం చేస్తే దళారి పోతాడు కదా, కూలి చేసేవాడు కూడా ఒళ్ళు అమ్ముకుంటున్నట్లే కదా అని వాదించేవారు ఉన్నారు. ఈ వాదాన్ని నేను తీసిపారేయను. ఇరాన్‌లో 1988 నుంచి ప్రభుత్వ పర్యవేక్షణలో కిడ్నీకి డబ్బు ఇచ్చే పద్ధతి నడుస్తున్నది, దళారుల పాత్ర అక్కడ తగ్గిందని కూడా అంటారు. అయినా అక్కడ అమ్మేవారిలో ఎక్కువమంది పేదలే. కూలి మనిషి రేపు పనిలోకి రానని చెప్పగలడు. కిడ్నీ ఇచ్చినవాడు రేపు తిరిగి తీసుకోలేడు. ఇంకొక ప్రమాదం తమిళనాడులో పరిశోధన చేసినవారు గమనించారు: కిడ్నీలు అమ్ముకోవడం అలవాటైన పేటల్లో, అప్పులిచ్చేవారు వసూలుకు మరింత ఒత్తిడి చేసేవారు, ఇంట్లో అమ్మడానికి ఇంకొక వస్తువు ఉందని వారికి తెలుసు కనుక. అలాంటి చోట కిడ్నీ అమ్మనని చెప్పిన మనిషికి కూడా ఆ ధర మెడకు చుట్టుకుంటుంది.

చనిపోయినవారి నుంచి

ఇంట్లో దాత దొరకకపోతే, చనిపోయినవారి అవయవాలను రోగులకు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి; మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే ఇది జరుగుతుంది. దాత దొరికేదాకా ఆగకుండా, వెతుకుతూనే నమోదు చేయించడం మేలు. మేము ఏడాది ఆలస్యం చేశాము, అది మా తప్పు.

ఇదే మార్గంలో మనం ఇచ్చే వైపు కూడా ఉండవలసి రావచ్చు. మన ప్రాంతం మీదుగా పోయే జాతీయ రహదారి మీద ప్రమాదాలు మనకు తెలియనివి కావు. తలకు దెబ్బ తగిలి మెదడు పూర్తిగా చనిపోయిన మనిషికి యంత్రం సాయంతో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. ఇంకా బతికి ఉన్నాడని ఇంటివారికి అనిపించడం సహజం. నలుగురు డాక్టర్ల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి నిర్ధారించిన తరవాతే అవయవాలు తీయడానికి వీలుంటుంది. మార్పిడి చేసే డాక్టర్లు ఆ బృందంలో ఉండకూడదు. నిర్ధారణ కాగితం చూపించమని అడగడం మీ హక్కు. ఒప్పుకున్న తరవాత అవయవాలు తీయడానికి అయ్యే ఖర్చు మీ మీద పడకూడదు, తీసుకున్నవారి ఇంటి నుంచి అంత్యక్రియలకని కూడా డబ్బు ముట్టకూడదు.

మా బావకు ఆపరేషను జరిగిన తరవాత నోటు పుస్తకం మూసేస్తారనుకున్నాను. మా అక్క మూయలేదు. ప్రతి ఏడాదీ సంక్రాంతి అయిన వారానికి మరిదిని వెంటబెట్టుకొని ఒంగోలు పోయి పరీక్షలు చేయిస్తుంది. పోయినసారి క్రియాటినిన్ 1.1, బీపీ 124కు 80. ఆ అంకెల పక్కన బస్సు చార్జీ, రెండు టీల ఖర్చు, కింద మరిది సంతకం ఉన్నాయి.